అమెరికా కాలేజీల్లో లెగసీ: అమ్మానాన్నల డిగ్రీకీ పిల్లల సీటుకీ సంబంధం ఎంత?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. న్యూజెర్సీలో ఉంటున్నారు. అమ్మాయి హైస్కూల్లో పదకొండో ఏడు చదువుతోంది, కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్‌ఏటీ పరీక్షలో 1600కి 1540 వచ్చింది. అదే స్కూల్ నుంచి నిరుడు 1460 వచ్చిన అబ్బాయికి ఒక ఐవీ లీగ్ కాలేజీలో (హార్వర్డ్, యేల్ వంటి ఎనిమిది పేరున్న కాలేజీల్లో ఒకదానిలో) సీటు దొరికింది. వాళ్ల నాన్న అక్కడే చదివాడట. "ఇది మన మేనేజ్‌మెంట్ కోటా కాకపోతే మరేమిటి? ఇందులో మెరిట్ ఎక్కడుంది? నేనూ ఈ దేశంలోనే ఎంఎస్ చేశాను, అది మా అమ్మాయికి కలిసొస్తుందా?" అని అడిగారు.

మూడో ప్రశ్న ముందు చూద్దాం. మన కుటుంబాలు ఎక్కువగా పొరబడేది అక్కడే. లెగసీ అంటే పూర్వ విద్యార్థుల పిల్లలకు అడ్మిషన్లో ఇచ్చే మొగ్గు. అయితే ఎవరు లెగసీ కిందికి వస్తారన్నది కాలేజీని బట్టి మారుతుంది. హార్వర్డ్‌లో తల్లి గానీ తండ్రి గానీ హార్వర్డ్ కాలేజీలో, అంటే బ్యాచిలర్స్ స్థాయిలో, చదివి ఉండాలి. పాత రాడ్‌క్లిఫ్ కాలేజీ కూడా లెక్కలోకి వస్తుంది. అక్కడ ఎంబీఏ చేసినా, పీహెచ్‌డీ చేసినా వాళ్ల పిల్లలు ఆ లెక్కలోకి రారు. స్టాన్‌ఫోర్డ్ తీరు వేరు. పీజీ డిగ్రీ తీసుకున్నవాళ్ల పిల్లలను కూడా అక్కడ లెగసీగానే చూస్తారు. కొన్నిచోట్ల తాత, బామ్మ, అన్న, అక్క చదివినా ఫైల్లో రాసుకుంటారు గానీ దాని బరువు తక్కువ. ఏ కాలేజీ అయినా సరే, లెగసీ పనిచేసేది తల్లిదండ్రులు చదివిన ఆ ఒక్క కాలేజీలోనే. మీరు ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ చేసి ఉంటే, దానివల్ల మీ అమ్మాయికి ప్రిన్స్‌టన్‌లో గానీ కొలంబియాలో గానీ నయాపైసా ఉపయోగం లేదు. మన తెలుగువాళ్లలో చాలామంది హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బీటెక్ ముగించుకుని ఎంఎస్‌కి వచ్చినవాళ్లే. కాబట్టి మన పిల్లల్లో ఎక్కువమందికి ఈ మొగ్గు దక్కదు.

ఇదే సందర్భంలో ఇంకో పొరపాటు గురించి హెచ్చరించాలి. అప్లికేషన్‌లో "ఫస్ట్ జనరేషన్" అనే మాట కనబడగానే, అమెరికాలో చదువుతున్న మొదటి తరం కదా అని కొందరు అవునని రాసేస్తున్నారు. ఆ మాటకు మామూలు అర్థం తల్లికీ తండ్రికీ ఇద్దరికీ నాలుగేళ్ల డిగ్రీ లేకపోవడం. మీ బీటెక్ ఏ దేశంలో చేసినా డిగ్రీయే. అక్కడ తప్పు రాస్తే అబద్ధం కిందే లెక్క, ఇచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకోవచ్చు.

ఒక కాలేజీ లెగసీని చూస్తుందో లేదో ఎవరినీ అడగకుండానే తెలుసుకోవచ్చు. చాలా కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ అనే పత్రాన్ని బయటపెడతాయి. కాలేజీ పేరు పక్కన ఆ మూడు మాటలు చేర్చి వెతికితే పీడీఎఫ్ దొరుకుతుంది. అందులో సీ విభాగం అడ్మిషన్ల గురించి. సీ7 అనే పట్టిక దగ్గర ఆగండి. మార్కులు, వ్యాసం, సిఫారసు లేఖల వంటివన్నీ వరుసగా ఉంటాయి. ఒక్కోదాని ఎదురుగా "చాలా ముఖ్యం, ముఖ్యం, చూస్తాం, చూడం" అనే నాలుగు గడులు. "అల్యుమ్ని రిలేషన్" అన్న వరుసలో గుర్తు ఏ గడిలో పడిందో చూడండి. ఒక్క ఏడాది పత్రంతో సరిపెట్టుకోకుండా మూడేళ్లవి పక్కపక్కన పెట్టుకోండి. ఈ మధ్య విధానాలు గబగబా మారుతున్నాయి. ఫెడరల్ విద్యాశాఖ వాళ్ల కాలేజ్ నావిగేటర్ సైట్లో కూడా అడ్మిషన్ల భాగంలో లెగసీ వరుస ఉంటుంది. "చూస్తాం" అన్న గడిలో గుర్తు ఉందంటే బరువు తక్కువేమో అనుకోకండి. ఆ గడి మొగ్గు ఉందో లేదో చెబుతుంది గానీ అది ఎంతో చెప్పదు.

ఆ "ఎంతో" అన్నదే అసలు గొడవ. కాలేజీల జవాబు చాలాకాలంగా ఒక్కటే: ఇద్దరు అభ్యర్థులు అన్నింటిలో సమానంగా ఉన్నప్పుడు మాత్రమే తూకం అటు కాస్త మొగ్గుతుంది, అంతే. ఈ మాట నిజమా కాదా అని బయటివాళ్లు తేల్చుకునే వీలు 2018 దాకా లేదు. స్టూడెంట్స్ ఫర్ ఫెయిర్ అడ్మిషన్స్ అనే సంస్థ 2014లో హార్వర్డ్ మీద వేసిన దావా 2018లో విచారణకు వచ్చాకే లోపలి లెక్కలు కోర్టు ముందుకొచ్చాయి. ఆ దావా జాతి ప్రాతిపదిక గురించినది, లెగసీ గురించినది కాదు. అయినా లెగసీ గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం అందులోంచే బయటపడింది. 2014 నుంచి 2019 దాకా చదువు ముగించాల్సిన ఆరు బ్యాచ్‌ల లెక్క చూస్తే, లెగసీ అభ్యర్థుల్లో 33.6 శాతానికి సీటు వచ్చింది. మిగతావాళ్లలో 5.9 శాతానికే వచ్చింది.

ఈ తేడా అంతా మొగ్గు వల్లే అనడం సరికాదు. హార్వర్డ్‌లో చదివినవాళ్ల పిల్లలకు మంచి స్కూలు, పుస్తకాలు, వేసవి శిక్షణలు అన్నీ అమరుతాయి, వాళ్ల ఫైళ్లు సగటు ఫైలు కంటే గట్టిగానే ఉంటాయి. అందుకే ఆర్థికవేత్త పీటర్ ఆర్సిడియాకోనో బృందం వేరేలా లెక్కకట్టింది. ఇదే పిల్లవాడి ఫైల్లోంచి ఆ ప్రత్యేక గుర్తును తీసేస్తే సీటు వచ్చేదా అని చూశారు. ఆటగాళ్లు, లెగసీలు, డీన్ ప్రత్యేక జాబితాలోని పిల్లలు (దాతల పిల్లల వంటివాళ్లు), ఉద్యోగుల పిల్లలు కలిసిన గుంపును తీసుకున్నారు. సీటు వచ్చిన తెల్ల విద్యార్థుల్లో 43 శాతానికి పైగా ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని కిందికి వచ్చారు. ఆసియన్, నల్లజాతి, హిస్పానిక్ విద్యార్థుల్లో ఆ వాటా ఒక్కొక్కరికీ 16 శాతం లోపే. ఈ గుంపులోని తెల్ల విద్యార్థులను మామూలు అభ్యర్థుల్లాగే చూసి ఉంటే సుమారు నాలుగింట మూడొంతుల మందికి సీటు వచ్చేది కాదని తేలింది. ఆర్సిడియాకోనో ఆ దావాలో వాది తరఫు నిపుణుడు, అది గుర్తుంచుకునే చదవాలి. అయితే ఆయన వాడిన అంకెలు హార్వర్డ్ సొంత ఫైళ్లవే.

ఇంకో వివరం ఆ దావా మీద చివరికి వచ్చిన సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. హార్వర్డ్‌లో ప్రతి ఫైలునూ చదివి చదువు, ఇతర కార్యకలాపాలు, ఆటలు, వ్యక్తిత్వం వంటివాటికి 1 నుంచి 6 దాకా రేటింగ్ వేస్తారు, 1 అన్నింటికంటే మేలు. ప్రాంతాలవారీ ఉపసంఘాలు చూశాక మొత్తం కమిటీ కూర్చుంటుంది. చివర్లో సీట్ల కంటే ఎంపికైన పేర్లు ఎక్కువుంటే కొన్ని కొట్టేయాలి. ఆ కొట్టివేత జాబితాలో అభ్యర్థి గురించి నాలుగు వివరాలే ఉండేవి: లెగసీయా, ఆటకు తీసుకున్నవాడా, ఆర్థిక సాయానికి అర్హుడా, జాతి ఏమిటి. పన్నెండేళ్ల చదువు తర్వాత ఒక పిల్లవాడి పేరు ఉంచాలా కొట్టేయాలా అనే ఆఖరి గడియలో కళ్లముందు ఉండే నాలుగు ముక్కల్లో అమ్మానాన్నల డిగ్రీ ఒకటి. దీన్ని సరిసమానమైనప్పుడు మాత్రమే పనికొచ్చే చిన్న మొగ్గు అనడం నాకు నిజాయితీగా అనిపించదు. జాతి అనే గడిని 2023 జూన్ 29 తీర్పు తీసేసింది. లెగసీ గడి ఆ తీర్పు పరిధిలోకే రాలేదు. ఆ తీర్పుకు జతగా రాసిన అభిప్రాయంలో జస్టిస్ గోర్సచ్ మాత్రం దాతల, పూర్వ విద్యార్థుల, ఉద్యోగుల పిల్లలకు ఇచ్చే మొగ్గు ధనికులకూ తెల్లవారికీ అందరికంటే ఎక్కువ మేలు చేస్తుందని నేరుగా రాశారు.

"అయినా వాళ్లు అర్హులే కదా, అనర్హులకు సీటివ్వడం లేదు కదా" అనే వాదన మీకు తరచు వినిపిస్తుంది. నిజమే, లెగసీ పిల్లల్లో ఎక్కువమంది అక్కడి చదువును నెట్టుకురాగలిగినవాళ్లే. కానీ హార్వర్డ్‌కు ఏటా సుమారు 50,000 దరఖాస్తులు వస్తే సీటు ఇచ్చేది దాదాపు 2,000 మందికి. అక్కడ చదవగల సత్తా ఉన్నవాళ్లు ఆ 2,000 కంటే ఎన్నో రెట్లు ఉంటారు. అర్హులంతా వరుసలో నిలబడి ఉన్నప్పుడు అర్హత ఉందా అన్న ప్రశ్నతో తేలేది ఏమీ లేదు. ఈ అర్హుణ్ని ముందుకు జరిపి ఆ అర్హుణ్ని వెనక్కి నెట్టడానికి చూపిన కారణం ఏమిటన్నదే అడగాలి.

దీనికి నా దృష్టిలో అన్నిటికంటే గట్టి ఆధారం 2023 జులైలో వచ్చిన ఆర్థికవేత్తలు రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్‌ల అధ్యయనం. ఎనిమిది ఐవీ కాలేజీలతో పాటు షికాగో, డ్యూక్, ఎంఐటీ, స్టాన్‌ఫోర్డ్ కలిపి పన్నెండింటిని తీసుకున్నారు. ఎస్‌ఏటీలో గానీ, అలాంటిదే అయిన ఏసీటీ పరీక్షలో గానీ ఒకే స్థాయి మార్కులున్న పిల్లల్లో, ఆదాయంలో పై 1 శాతం కుటుంబాల పిల్లలు మధ్యతరగతి పిల్లలకంటే రెండింతలకు పైగా ఈ కాలేజీల్లో చేరుతున్నారు. పై 1 శాతం అంటే ఏడాదికి సుమారు 6,11,000 డాలర్లకు పైబడిన ఆదాయం. ఆ కుటుంబాల్లోని లెగసీ పిల్లలకు, అన్నింటిలో తమలాంటి సగటు అభ్యర్థి కంటే సీటు వచ్చే అవకాశం 5 రెట్లు. అంత డబ్బులేని లెగసీ పిల్లలకు కూడా 3 రెట్లు. వాళ్లు అంతటితో ఆగకుండా ఇంకొకటి చూశారు: ఈ లెగసీ పిల్లలు అమ్మానాన్నలు చదవని మిగతా కాలేజీలకు కూడా దరఖాస్తు పెట్టారు కదా, అక్కడ ఎలా ఉంది? అక్కడ ఆ పెద్ద తేడా కనబడలేదు. పిల్లవాడు అతనే, మార్కులు అవే, వ్యాసం రాసిన చెయ్యి అదే. నాన్న చదివిన కాలేజీలో తలుపు బార్లా తెరుచుకుంది, వీధి అవతలి కాలేజీలో మామూలుగా ఉంది. పిల్లవాడి ప్రతిభే కారణమైతే రెండుచోట్లా కనబడాలి. "తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అని మనవాళ్లు ఎప్పుడో అన్నది సరిగ్గా ఈ తేడా గురించే.

ఇది ఎప్పటినుంచో ఉన్న పవిత్ర సంప్రదాయమన్నది కూడా నిజం కాదు. మొదటి ప్రపంచయుద్ధం దాకా ఈ కాలేజీల్లో ప్రవేశ పరీక్ష పాసై ఫీజు కట్టగలిగితే దాదాపుగా సీటు ఖాయం, లెగసీతో పనే లేదు. తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన యూదుల పిల్లలు ఆ పరీక్షలు బాగా రాసి చేరడం మొదలుపెట్టాక కథ మారింది. 1922 నాటికి హార్వర్డ్ మొదటి ఏడాది విద్యార్థుల్లో ఐదో వంతుకు పైగా వాళ్లే ఉన్నారు. హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్ 15 శాతం పరిమితి పెడదామన్నాడు. బాహాటంగా కోటా పెట్టడానికి అధ్యాపకులు ఒప్పుకోలేదు. దాంతో "వ్యక్తిత్వం", ఫోటో, ఊరు, ఇంటిపేరు వంటివి దరఖాస్తులోకి వచ్చాయి. డార్ట్‌మత్ 1922లో పూర్వ విద్యార్థుల కొడుకుల్లో అర్హులైన అందరినీ తీసుకుంటామంది. సీట్లకు కట్టిన పరిమితి తన పూర్వ విద్యార్థుల కొడుకులకు అడ్డు కారాదని 1925లో యేల్ తీర్మానించింది. కష్టపడి చదివి పైకొస్తున్న వలస కుటుంబాల పిల్లలను ఆపడానికి కట్టిన గోడలో ఇది ఒక ఇటుక. మన పిల్లలు ఇవాళ నిలబడింది ఆ రోజు ఆ పిల్లలు నిలబడిన చోటే. అందుకే ఈ చరిత్ర మనవాళ్లకు తెలియాలి.

ఇక కాలేజీలు చెప్పుకునే కారణాల్లో పెద్దది విరాళం. లెగసీ తీసేస్తే పూర్వ విద్యార్థులు డబ్బు ఇవ్వడం మానేస్తారని, ఆ డబ్బుతోనే పేద పిల్లలకు ఆర్థిక సాయం చేస్తున్నామని అంటారు. ఇందులో కొంత నిజముంది. జొనాథన్ మీర్, హార్వే రోజెన్ ఒక యూనివర్సిటీ విరాళాల లెక్కలు పరిశీలిస్తే, పిల్లలు దరఖాస్తు వయసుకు దగ్గరవుతున్నకొద్దీ తల్లిదండ్రుల విరాళాలు పెరిగి, సీటు రాకపోతే పడిపోతున్నాయని తేలింది. అంటే కొందరి చేతి నుంచి డబ్బు సీటు ఆశతోనే వస్తోంది. కానీ 1998 నుంచి 2007 దాకా వంద పెద్ద యూనివర్సిటీల లెక్కలు చూసిన ఇంకో పరిశోధనలో, పూర్వ విద్యార్థుల సంపదను లెక్కలోకి తీసుకున్నాక లెగసీ ఉన్న కాలేజీలకూ లేని కాలేజీలకూ మొత్తం విరాళాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. లెగసీ చూడని ఎంఐటీ, కాల్‌టెక్ దివాలా తీయలేదు. నా అభిప్రాయం ఇంకా సూటిగా చెబుతాను. సీటు మీద ఆశతో ఇచ్చే డబ్బు విరాళం కాదు, కొనుగోలుకు ఇచ్చిన బయానా. దానికి ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ఉందంటే, సీటు రాని పిల్లల తల్లిదండ్రులు కట్టిన పన్ను కూడా అందులో కలుస్తోందన్నమాట.

పైకి అంతగా చెప్పని కారణం ఇంకొకటుంది. కాలేజీ సీటిచ్చిన ప్రతివాడూ వచ్చి చేరడు. ఎంతమంది చేరతారన్న అంచనా తప్పితే హాస్టల్ గదులు చాలవు, లేదా ఫీజు రాబడి తగ్గుతుంది. లెగసీ పిల్లలు సీటిస్తే చేరిపోయే అవకాశం ఎక్కువ, ఆర్థిక సాయం అడిగే అవకాశం తక్కువ. అడ్మిషన్ ఆఫీసుకు ఇది నిశ్చింత. నిర్వహణకు సౌకర్యంగా ఉంటుందన్న మాట ఒప్పుకుంటాను. సౌకర్యాన్ని మెరిట్ అని పిలవడమే ఒప్పుకోలేను.

మీరు పోల్చిన మేనేజ్‌మెంట్ కోటా సంగతి. పోలిక కొంతవరకే నిలుస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ చేతిలో. ఎన్‌ఆర్‌ఐ సీట్లు అందులోనివే. ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో కన్వీనర్ కోటా 50, మేనేజ్‌మెంట్ 35, ఎన్‌ఆర్‌ఐ 15 శాతం లెక్క. అది న్యాయమా అన్నది వేరే చర్చ గానీ, సీట్లు ఎన్నో ముందే లెక్క ఉంది, ఫీజు ఎంతో ఉత్తర్వులో ఉంటుంది, కన్వీనర్ కోటాలో ర్యాంకు తెచ్చుకున్న పిల్లకు తను ఎవరితో పోటీపడుతోందో తెలుసు. లెగసీకి ఆ లెక్క లేదు. అదే కుప్పలో అదే పోటీ అని చెబుతూ కొందరి చేతికి కనబడని మార్కులు కలుపుతారు. నిజానికి దీనికి దగ్గరి చుట్టం ఢిల్లీ ప్రైవేటు స్కూళ్ల నర్సరీ అడ్మిషన్లలో పూర్వ విద్యార్థుల పిల్లలకు వేసే పాయింట్లు. నిర్వచనం వదులైతే ఏమవుతుందో చెప్పడానికి మాత్రం ఎన్‌ఆర్‌ఐ కోటా పనికొస్తుంది. 2024లో పంజాబ్ ప్రభుత్వం మెడికల్ సీట్లకు ఎన్‌ఆర్‌ఐల దూరపు బంధువులను కూడా అర్హులను చేస్తే హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు అదే సెప్టెంబరులో దాన్ని మోసమనే అంది. రక్తసంబంధం ఆధారంగా సీటు ఇవ్వడం మొదలుపెడితే ఆ సంబంధం ఎక్కడ ఆగాలన్న గీత ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది.

మెరిట్ గురించి మనలో మనం ఒక మాట అనుకోవాలి. ఎంసెట్, జేఈఈ ర్యాంకుల వాతావరణంలో పెరిగినవాళ్లం కాబట్టి, మార్కుల వరుస తప్పితే చాలు అన్యాయం జరిగిందంటాం. 1540 కంటే 1460కి సీటు రావడమే తప్పు అనుకుంటే అమెరికా పద్ధతిలో సగం అర్థంకాదు. బడి అయ్యాక వారానికి ఇరవై గంటలు కిరాణా కొట్లో పనిచేసి, ఇంట్లో తమ్ముణ్ని చూసుకుంటూ 1460 తెచ్చుకున్న పిల్ల ఉందనుకోండి. వేలకు వేలు పోసి కోచింగ్ తీసుకుని 1540 తెచ్చుకున్న పిల్లవాడి కంటే ఆమెను ముందు పెడితే అది మెరిట్‌ను సరిగ్గా చదవడమే. అక్కడ ఆమె పరిస్థితి ఆమె చేసిన పని విలువను తెలుసుకోవడానికి పనికొస్తోంది. ఆటగాళ్ల సంగతి ఇంకొంచెం చిక్కు. ఆట ఆడింది పిల్లవాడే, చెమట అతనిదే, కానీ స్క్వాష్, రోయింగ్, సెయిలింగ్ నేర్చుకునే వీలు డబ్బున్న ఊళ్లలోనే ఉంటుంది. లెగసీ ఈ రెంటికీ చెందదు. అది పిల్లవాడు చేసినదేదీ కొలవదు, చేసినదాన్ని అర్థం చేసుకోవడానికీ పనికిరాదు. ముప్పై ఏళ్ల కిందట ఇంకొకరు తెచ్చుకున్న సీటును మళ్లీ లెక్కేస్తుంది. నా అభ్యంతరమంతా ఈ ఒక్కచోటే ఉంది.

అలాగని మీ అమ్మాయి స్కూల్లోని ఆ అబ్బాయి లెగసీ వల్లే గెలిచాడని తీర్మానించకండి. అతని వ్యాసంలో ఏముందో, టీచర్లు ఏం రాశారో మనకు తెలియదు. వేల ఫైళ్ల లెక్కలో కనబడే అన్యాయాన్ని ఒక పదిహేడేళ్ల పిల్లవాడి నుదుట రాయడం మరో అన్యాయం. అమ్మాయి ముందు అతని గురించి అలా మాట్లాడవద్దని నా మనవి.

ఈ మధ్య మనవాళ్లలో వినిపిస్తున్న వాదన ఒకటుంది, దాన్ని దాటవేయలేను. "తొంభైల్లో వచ్చినవాళ్ల పిల్లలు ఇక్కడే పుట్టి, మంచి కాలేజీల్లో చదివి, ఇప్పుడు తల్లిదండ్రులవుతున్నారు. నూరేళ్లు వాళ్లు అనుభవించారు. మన వంతు వచ్చేసరికి రద్దు చేయమంటారా?" అని. నల్లజాతి పూర్వ విద్యార్థుల్లోనూ కొందరు ఇదే బాధ చెబుతారు, ఆ బాధ అర్థమవుతుంది. కానీ లెక్క వేసి చూడండి. మీ మనవరాలికి ఒక్క కాలేజీలో మొగ్గు దొరుకుతుంది. మిగతా పదకొండింటిలో ఆమె బయటి పిల్లే, అక్కడ ఇంకెవరి మనవరాలో ఆమె ముందు నిలబడుతుంది. ఇవాళ డల్లాస్‌లోనో అట్లాంటాలోనో అపార్ట్‌మెంట్లో ఉంటూ హెచ్1బీ మీద నెట్టుకొస్తున్న కుటుంబాలు మనలో లెగసీ కుటుంబాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వాళ్ల పిల్లలకు ప్రతి కాలేజీలోనూ ఆ మొగ్గు ఎదురే. తెలుగువాళ్లంతా కలిసి ఒక్క ఇల్లు అనుకుంటే, లెగసీ ఉండటం వల్ల ఆ ఇంటికి వచ్చేదానికంటే పోయేదే ఎక్కువ.

లెగసీ తీసేస్తే నిజంగా ఏమైనా మారుతుందా? జాన్స్ హాప్‌కిన్స్ లెక్క చూడండి. అధ్యక్షుడు రోనాల్డ్ డేనియల్స్ హయాంలో 2014లో చప్పుడు చేయకుండా ఆపేసి 2020లో ప్రకటించారు. 2009లో కొత్తగా చేరినవాళ్లలో 12.5 శాతం లెగసీ, 9 శాతం పెల్ గ్రాంట్‌కు అర్హులైన పేద పిల్లలు. 2019లో లెగసీ 3.5 శాతం, పెల్ అర్హులు 19.1 శాతం. ఇందులో మైఖేల్ బ్లూమ్‌బర్గ్ 2018లో ఆర్థిక సాయానికి ఇచ్చిన 180 కోట్ల డాలర్ల పాత్ర కూడా ఉంది. ఒక్క లెగసీ ఆపడంతోనే పేద పిల్లలు వచ్చేయరు, వాళ్లకు ఫీజు కట్టే ఏర్పాటూ కావాలి. ఆమ్‌హర్స్ట్ 2021లో, వెస్లియన్ 2023లో ఆపేశాయి. టెక్సస్ ఏ అండ్ ఎం 2004లోనే ఆపింది. జాతిని చూడబోమని చెప్పిన యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల పిల్లలను మాత్రం ఎందుకు చూస్తోందని అడిగితే దాని దగ్గర జవాబు లేకపోయింది.

చట్టాల విషయం త్వరగా చెబుతాను. కొలరాడో 2021లో, వర్జీనియా, ఇల్లినాయ్ 2024లో ప్రభుత్వ కాలేజీల్లో నిషేధించాయి. మేరీలాండ్ 2024లో ప్రైవేటువాటినీ కలిపింది. కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్ 2024 సెప్టెంబరు 30న సంతకం చేసిన చట్టం ప్రైవేటు కాలేజీలకు 2025 సెప్టెంబరు 1 నుంచి వర్తించింది. కానీ అందులో జరిమానా లేదు, ఉల్లంఘించిన కాలేజీ పేరు ప్రకటించడమే శిక్ష. స్టాన్‌ఫోర్డ్ ఏం చేసిందో చూడండి. లెగసీని కొనసాగిస్తానని, రాష్ట్రం ఇచ్చే కాల్ గ్రాంట్ సొమ్ము వదులుకుని ఆ మేరకు విద్యార్థులకు తన నిధులే ఇస్తానని 2025లో తేల్చింది. వేల కోట్ల నిధి ఉన్న సంస్థను పేరు ప్రకటించి భయపెట్టలేరు. కోర్టు దారి కూడా ఇరుకే. లెగసీ మీద నేరుగా వచ్చిన పాత ఫెడరల్ తీర్పు 1976 నాటిది, నార్త్ కెరొలైనా యూనివర్సిటీ కేసు. నిధుల కోసం అలా చేయడం సహేతుకమే అని అది వదిలేసింది.

నిషేధించినచోట కూడా ఒక కన్నం మిగులుతుంది. వర్జీనియా యూనివర్సిటీ 2023లో లెగసీ గడిని తీసేసి, మా సంస్థతో మీకున్న వ్యక్తిగత, చారిత్రక అనుబంధం గురించి రాయవచ్చని ఒక వ్యాసం పెట్టింది. బానిసలుగా అక్కడ పనిచేసినవాళ్ల వారసులకు కూడా ఆ వీలు ఉండాలన్న ఉద్దేశం మంచిదే. అయినా నాన్న అక్కడే చదివాడన్న ముక్క గడిలోంచి వ్యాసంలోకి మారితే చదివేవాడి కళ్లకు కనబడుతూనే ఉంటుంది. తల్లిదండ్రులు ఏ కాలేజీలో చదివారన్న వివరం కామన్ అప్లికేషన్ (చాలా కాలేజీలకు కలిపి వాడే ఒకే దరఖాస్తు ఫారం) లోని కుటుంబం భాగంలోనే ఉంటుంది. అది ఫైలు చదివేవాళ్లకు కనబడకుండా చేస్తేనే నిషేధం పూర్తయినట్టు. కాలేజీవాళ్ల సమావేశాలకు వెళ్లినప్పుడు "లెగసీ చూస్తారా?" అని అడగకండి. "ఫైలు చదివేవాళ్లకు తల్లిదండ్రుల కాలేజీ పేరు కనబడుతుందా?" అని అడగండి. జవాబు తేటగా వస్తుంది.

ఇప్పుడు మీ అమ్మాయి పని. ముందుగా పది పన్నెండు కాలేజీల పేర్లు రాసుకుని ఒక్కోదాని పక్కన సీ7 గుర్తు, రెగ్యులర్ రౌండులో (మామూలు గడువుకు వచ్చిన దరఖాస్తుల్లో) ఎంత శాతానికి సీటు ఇచ్చారో రాయండి. కామన్ డేటా సెట్‌లో మొత్తం దరఖాస్తులు, సీట్లు సీ1లో ఉంటాయి, ఎర్లీ డెసిషన్ (సీటు వస్తే తప్పక చేరతామని ఒప్పుకుని ముందుగా పెట్టే దరఖాస్తు) అంకెలు సీ21లో ఉంటాయి. ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే రెగ్యులర్ శాతం వస్తుంది. ఎర్లీలో శాతం ఎక్కువ కనబడిందని మురిసిపోకూడదు. ఆటగాళ్లు, లెగసీలు ఎక్కువగా ఆ రౌండులోనే ఉంటారు. పెన్ (పెన్సిల్వేనియా యూనివర్సిటీ) లాంటి కాలేజీ ఒకప్పుడు లెగసీకి ఎర్లీ డెసిషన్‌లోనే ఎక్కువ విలువ అని బాహాటంగా చెప్పేది. మీ అమ్మాయిలాంటి వాళ్లకు దక్కే అసలు శాతం ఆ పైకి కనబడే అంకె కంటే తక్కువ. అయినా ఒక కాలేజీ మీద నిజంగా మనసుంటే ఎర్లీ వేయడమే మేలు, ఆమె తప్పకుండా చేరుతుందన్న భరోసాకు కాలేజీ విలువిస్తుంది. జాబితాలో కనీసం మూడు నాలుగు లెగసీ చూడనివి ఉండనివ్వండి: ఎంఐటీ, కాల్‌టెక్, జాన్స్ హాప్‌కిన్స్, ఆమ్‌హర్స్ట్, పొమోనా, కార్నెగీ మెలన్ వంటివి. పోటీ అక్కడా విపరీతమే, కానీ కలిపిన మార్కులు లేని పోటీ.

పదివేల డాలర్లు విరాళం ఇస్తే పని జరుగుతుందా అని కొందరు చాటుగా అడుగుతుంటారు. జరగదు. హార్వర్డ్ దావాలో బయటపడ్డ డీన్ జాబితాలో చోటు దొరికే దాతలు ఇచ్చే స్థాయి వేరు. "లోపల నాకు మనుషులున్నారు, గ్యారంటీ" అనే కన్సల్టెంట్ ఎదురైతే అక్కడే లేచి వచ్చేయండి. 2019 మార్చిలో బయటపడ్డ రిక్ సింగర్ వ్యవహారంలో కోచ్‌లకు లంచాలిచ్చి, లేని ఆటను ఉన్నట్టు చూపించిన తల్లిదండ్రులు జైలుకు వెళ్లారు.

కుటుంబం భాగంలో మీ చదువు ఉన్నదున్నట్టు రాయండి. ఎంఎస్ చేసిన యూనివర్సిటీకి ఆమె దరఖాస్తు పెడుతుంటే, అక్కడ పీజీ లెక్కలోకి వస్తుందేమో ఆ కాలేజీ పేజీలో చూసుకోండి. వస్తే దాచనక్కర్లేదు, దాని మీద వ్యాసం మాత్రం రాయించకండి. నాన్న క్యాంపస్ కబుర్లతో నిండిన వ్యాసంలో అమ్మాయి కనబడదు. ఎర్లీ డెసిషన్ ఒప్పందం మీద మీరూ, అమ్మాయీ, స్కూల్ కౌన్సెలరూ సంతకం చేయాలి. మామూలుగా గడువు నవంబరు 1, సీటు వస్తే మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి. అందుకని సెప్టెంబరులోనే ఆ కాలేజీ సైట్లోని నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో (ఆర్థిక సాయం పోను మీరు కట్టాల్సిన ఖర్చును అంచనా వేసేది) మీ ఆదాయం, ఇంటి విలువ, పొదుపు వేసి చూసుకోండి. వచ్చిన అంకె నాలుగేళ్లు మోయగలమనుకుంటేనే సంతకం పెట్టండి.